తాడు కొస పట్టుకునే మనిషి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1989 పదో తరగతి బ్యాచ్ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "కష్టాల్ని ఎదిరించి నిలబడిన పూర్వ విద్యార్థినిగా ఓ పావుగంట మాట్లాడాలమ్మా" అన్నారు. రెండు రోజులు ఆలోచించి ఆయనకు ఒక మాట చెప్పాను. "ఎదిరించడం గురించి నాకేమీ తెలియదు సార్. ప్రతి నెలా రెండో ఆదివారం మా ఇంట్లో కొంతమందిమి కూర్చుంటాం. దాని గురించైతే చెప్పగలను." ఆయన సరేనన్నారు. అందుకే వచ్చాను.

మా ఇంట్లో కూర్చునేవాళ్ళంతా ఒక రకం బంధువులు. రక్తసంబంధం లేదు, కులం ఒకటి కాదు, ఊళ్ళు వేరు. అందరి ఇళ్ళలోనూ ఎవరో ఒకరు పొద్దున్నే క్యారేజీ పట్టుకుని పనికి వెళ్ళి, తిరిగి రాలేదు. ఒకరు క్రేన్ కింద, ఒకరు బాయిలర్ దగ్గర, ఒకరు కరెంటు స్తంభం మీద పోయారు. మా వారు ఒక ట్యాంకులో పోయారు.

అది 2009 ఆగస్టు. ఆయన విశాఖ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్. అప్పటికి నలభై ఏళ్ళు. ఆ రోజు ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి తీయడానికి ఒక కాంట్రాక్టు కుర్రాడు దిగాడు. దిగినవాడు పడిపోయాడు. పైన నిలబడి చూసిన మా వారు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నిచ్చెన దిగారు. ఆయనా పడిపోయారు. గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుందని ఈ బడిలోనే చదువుకున్నాం. మూసి ఉన్న ట్యాంకులో అది తగ్గిపోవచ్చు, మడ్డి కదిలితే విషవాయువు లేవొచ్చు. కుళ్ళిన గుడ్ల వాసన వేసే ఆ వాయువు ఎక్కువైతే ముక్కు ఇక వాసనే పట్టదు. మనిషి వాసన పోయిందనుకుంటాడు. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవి. ఆ రోజు తెలిసింది ఒక్కటే. పక్కింటి వదిన పరుగెత్తుకొచ్చి, "పెద్దాసుపత్రికి రమ్మంటున్నారు" అంది. ఎందుకో చెప్పలేదు. ఆమె చెప్పులు వేసుకోకుండా వచ్చిందని మాత్రం గమనించాను.

మన దగ్గర చావు వస్తే ఊరంతా వస్తుంది. అది మన గొప్పదనం, నేను కాదనను. కానీ పనిలో జరిగిన చావు వేరు. మనిషి ఇంటికి రాడు, మార్చురీకి వెళ్తాడు. పోలీసులు, పంచనామా, పోస్టుమార్టం. గేటు దగ్గర యూనియన్ వాళ్ళు, కంపెనీ మనుషులు, రెండు పార్టీల నాయకులు. "తేలేదాకా శవాన్ని తీసుకెళ్ళొద్దు" అని ఒకరు, "ఇంత ఇస్తారట, ఒప్పేసుకోండి" అని ఇంకొకరు. నేను ఇంకా ఆయన ముఖం చూడలేదు. అప్పటికే ఆయన ఒక అంకె అయిపోయారు.

తర్వాత పరామర్శకు వచ్చినవాళ్ళు రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది, "ఎంత ఇచ్చారమ్మా?" రెండోది, "ఆయన ఎందుకు దిగాడమ్మా?" మొదటిదానికి ఇవాళ సమాధానం చెబుతాను, మా లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు కాబట్టి.

మాస్టారూ, దశాంశాల గుణకారం మీరు బెత్తం పట్టుకుని నేర్పారు. అది నాకు లేబర్ ఆఫీసులో పనికొచ్చింది. అప్పటి పరిహార చట్టం ప్రకారం నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఇచ్చిన ఒక అంకెతో గుణించాలి. నలభై ఏళ్ళకు ఆ అంకె 184.17. మా వారు నెలకు పదివేలకు పైనే తెచ్చేవారు. కానీ చట్టం లెక్కలో నెల జీతం 4,000 దాటడానికి వీల్లేదు. సగం 2,000. గుణిస్తే 3,68,340 రూపాయలు. ఆ గుమస్తా కాగితం మీద వేసిన లెక్కను నేను మళ్ళీ వేసి చూశాను. తప్పు లేదు. మీరు సరిగ్గానే నేర్పారు. ఆ పరిమితి 2010లో 8,000కు, 2020లో 15,000కు పెరిగింది.

రెండో ప్రశ్నకు సమాధానం నా దగ్గర లేదు. ఫ్యాక్టరీ కాగితాల్లో మాత్రం, "అనుమతి లేకుండా లోపలికి ప్రవేశించినందున" అని ఉంది.

మరుసటి మార్చి వచ్చింది. మార్చి 4 జాతీయ భద్రతా దినం. మా పక్క ఫ్యాక్టరీలు ఆ వారం బళ్ళలో వక్తృత్వ పోటీలు పెడతాయి. మా అబ్బాయి అప్పుడు ఏడో తరగతి. బాగా మాట్లాడతాడని వాడి పేరు ఇచ్చారు. ఇచ్చిన టీచరుకు మా సంగతి తెలియదు, కొత్తగా వచ్చారు. వాడు వంటింటి గడప దగ్గర నిలబడి అప్పజెబుతున్నాడు. "ప్రమాదాలకు ముఖ్య కారణం కార్మికుల అజాగ్రత్త" అని ఒక వాక్యం ఉంది. అక్కడ ఆగాడు. "అమ్మా, నాన్న అజాగ్రత్తగా ఉన్నాడా?" అన్నాడు.

నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను. నాకు కోపం వచ్చింది. వాడి మీద కాదు, ఫ్యాక్టరీ మీద కూడా కాదు. ముందుగా దిగిన ఆ కుర్రాడి మీద. వాడు దిగకపోతే ఈయన దిగేవారు కాదు కదా. ఆ కోపాన్ని ఆ కుర్రాడి భార్య మీదకి మళ్ళించాను. ఆమె శ్రీకాకుళం వైపు అమ్మాయి. ఇరవై నాలుగేళ్ళు, చంకలో పాప. నెల మాసికం రోజుల్లో ఒకసారి మా గుమ్మం దాకా వచ్చింది. నేను లోపల ఉండి కూడా లేననిపించాను. ఇది ఇంతమంది ముందు చెప్పడం నాకు సులువు కాదు. కానీ ఇది దాచి మిగతాది చెబితే అబద్ధమవుతుంది.

ఏడాది తిరిగింది. సంవత్సరీకం అంతకుముందే అయిపోయింది. చుట్టాలు వచ్చారు, భోజనాలు చేశారు, వెళ్ళారు. క్యాలెండర్‌లో ఆ తేదీ మాత్రం తర్వాత వచ్చింది. ఆ రోజు ఎవరికీ గుర్తులేదు. మధ్యాహ్నం ఎవరో గేటు తీశారు. ఆ అమ్మాయే. అరడజను అరటిపళ్ళు, పాప. అరుగు మీద కూర్చుంది, లోపలికి రాలేదు.

"అక్కా, మీ ఆయన మా ఆయన కోసమే దిగాడు. మీ ముందుకు రావడానికి నాకు మొహం లేదు. కానీ ఇవాళ ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. ఈ తేదీ తెలిసిన ఇల్లు ఇంకోటి లేదక్కా" అంది.

నేను ఏమీ అనలేకపోయాను. మంచినీళ్ళు ఇచ్చాను. ఇద్దరం అలా కూర్చున్నాం. బడి నుంచి మా అబ్బాయి వచ్చాడు. ఎవరో చెప్పాను. వాడు పుస్తకాల సంచి దింపకుండానే ఆమెను చూస్తూ నిలబడి, నన్నడిగిన ప్రశ్నే ఆమెనూ అడిగాడు. ఆ అమ్మాయి వాణ్ణి దగ్గరకు పిలిచింది. "మీ నాన్న దిగకపోయుంటే మా ఆయన ఆ చీకట్లో ఒక్కడే పోయేవాడు బాబూ. ఒక్కడే పోలేదని నేను రోజూ అనుకుంటాను" అంది.

మా వాడు ఆ రాత్రి అన్నం తిని, చాలా రోజుల తర్వాత దీపం ఆర్పమన్నాడు. అప్పటిదాకా లైటు వేసుకునే పడుకునేవాడు.

వాడి ప్రశ్నకు నేను చెప్పలేని సమాధానం, మా అన్నయ్యలు చెప్పలేనిది, పురోహితుడు గారు చెప్పలేనిది, ఆ అమ్మాయి చెప్పింది. ఆమెకు చదువు అయిదో తరగతి. ఆమె ఒక్కతే చెప్పగలదు, ఎందుకంటే ఆమె కూడా అదే గొయ్యి అంచున నిలబడి ఉంది. నేను ఇవాళ మీకు చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాది దాని వివరం.

ఆ తర్వాత మేమిద్దరం ఒకరి పని ఒకరం చూసుకున్నాం. వాళ్ళాయన చేరి తొమ్మిది రోజులే అయిందని, అందుకని ఏమీ రాదని కాంట్రాక్టరు చెప్పాడు. ఆమె నమ్మింది. లేబర్ ఆఫీసు బెంచీ మీద మరొక పెద్దావిడ ద్వారా మాకు తెలిసింది. ఇ.ఎస్.ఐ. వర్తించే చోట, చేరిన మొదటి రోజున ప్రమాదం జరిగినా కుటుంబానికి హక్కు ఉంటుంది. కాంట్రాక్టు కార్మికుడైనా సరే. ఏడాదిన్నర తిరిగాం. ఆమెకు నెలనెలా పింఛను మొదలైంది. ఆ బెంచీ మీది పెద్దావిడ మూడో మనిషిగా చేరింది. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆవిడ. అలా రెండో ఆదివారం మొదలైంది.

మాకు పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, రసీదు పుస్తకం లేదు. కొన్ని అలవాట్లు మాత్రం ఉన్నాయి.

ఎక్కడైనా ప్రమాదం జరిగిందని తెలిస్తే వెంటనే పరుగెత్తం. మొదటి పదకొండు రోజులూ ఇంటి నిండా మనుషులుంటారు. పెద్దకర్మ అయి, షామియానా విప్పి, కుర్చీలు వెళ్ళిపోయాక ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. అప్పుడు వెళ్తాం, ఇద్దరం కలిసి. "మాకూ ఇలాగే జరిగిందమ్మా, మా ఫోన్ నంబరు ఇదిగో" అని చెప్పి, కూర్చోమంటే కూర్చుంటాం, లేదంటే వచ్చేస్తాం. ఎంత ఇచ్చారని అడగం. కర్మ అనం. దేవుడు మంచివాళ్ళనే తీసుకెళ్తాడు అనం. నీకంటే నాది పెద్ద కష్టం అని పోల్చం. చనిపోయిన మనిషి పేరు అడుగుతాం. ఏం కూర ఇష్టమో, ఏం పాట పాడేవారో అడుగుతాం. ఆ పేరు పలకడానికి చుట్టాలంతా భయపడుతుంటారు. ఇంట్లోవాళ్ళకు మాత్రం ఆ పేరు వినాలని ఉంటుంది.

కాగితాల పని ఎలాగూ ఉంటుంది. ఎఫ్.ఐ.ఆర్. కాపీ, పోస్టుమార్టం రిపోర్టు, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, జీతం చీటీ, పి.ఎఫ్. నంబరు. ఒక్కొక్కటి పది కాపీలు తీయించమంటాం. మార్చురీ దగ్గర ఏ తెల్ల కాగితం మీదా సంతకం పెట్టొద్దంటాం. చట్టం కింద వచ్చే పరిహారం డబ్బు సంబంధిత అధికారి దగ్గర జమ కావాలి, చేతిలో పెట్టి పంపిస్తే చెల్లదని చెబుతాం. పి.ఎఫ్. ఉన్నవాళ్ళకు దాంతోపాటు ఒక బీమా కూడా ఉంటుంది. చాలామందికి తెలియక వదిలేస్తారు. ఆఫీసుకు వెళ్ళే రోజు పక్కన కూర్చుంటాం. మాట్లాడేది వాళ్ళే. మేం కేవలం పక్కన ఉంటాం.

మగవాళ్ళు మొదట్లో వచ్చేవాళ్ళు కాదు. కొడుకులను పోగొట్టుకున్న తండ్రులు భార్యను దింపి, గేటు బయట స్కూటర్ దగ్గరే నిలబడేవాళ్ళు. లోపలికి పిలిస్తే, "పర్లేదమ్మా" అనేవాళ్ళు. మాలో ఒక రిటైర్డ్ లైన్‌మన్ గారున్నారు, తమ్ముణ్ణి కరెంటు షాక్‌లో పోగొట్టుకున్నారు. ఆయన వాళ్ళను పిలవడం మానేసి, తనే బయటికి వెళ్ళి ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర నిలబడడం మొదలుపెట్టారు. ఇప్పుడు రెండో ఆదివారం అక్కడ కూడా నలుగురైదుగురు ఉంటారు. వాళ్ళు ఎక్కువగా క్రికెట్ గురించే మాట్లాడుకుంటారట. ఎప్పుడో ఒకసారి వేరే మాట వస్తుందట. అది చాలు.

మేం తప్పులూ చేశాం. ఒక తల్లి మూడుసార్లు వచ్చి ఏమీ మాట్లాడలేదు. నాలుగోసారి నేనే, "చెప్పుకుంటే బరువు తగ్గుతుందమ్మా, చెప్పండి" అని బలవంతపెట్టాను. ఆవిడ చెప్పింది, ఏడ్చింది. మళ్ళీ రాలేదు. మాట్లాడకుండా కూర్చోవడానికే ఆవిడ వస్తోందని నాకు అర్థం కాలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ ఎవరినీ చెప్పమని అడగరు. ఇంకో సంగతి. మేం డాక్టర్లం కాదు. నిద్ర లేకుండా వారాలు గడిచినా, బతకాలని లేదన్న మాట నోట వచ్చినా వాళ్ళను ఒంటరిగా వదలం, వెంట ఉండి డాక్టరు దగ్గరకు తీసుకెళ్తాం. ప్రభుత్వం వారి టెలీ మానస్ ఉంది, 14416. తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు మీరందరూ ఫోన్‌లో వేసుకోండి, ఎవరికి ఎప్పుడు అవసరమో తెలియదు.

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో జరిగిన పేలుడు మీరంతా టీవీలో చూశారు. యాభై మందికి పైగా పోయారు. వాళ్ళలో చాలామంది వేరే రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు. డి.ఎన్.ఎ. పరీక్షల కోసం రోజుల తరబడి ఎదురుచూసిన కుటుంబాలున్నాయి. వార్త నాలుగు రోజులుంటుంది. ఆ నాలుగు రోజులూ ఆ ఇళ్ళ ముందు కెమెరాలుంటాయి. నేను మాత్రం పన్నెండో రోజు గురించి ఆలోచించాను. ఒడిశాలోనో బీహార్‌లోనో ఒక పల్లెలో, ఆ తేదీ తెలిసిన ఇల్లు ఇంకోటి లేని మనిషి గురించి. ఏప్రిల్ 28న ప్రపంచమంతా పనిలో చనిపోయినవాళ్ళను తలుచుకుంటారు. మన దగ్గర ఆ రోజు సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. మేం ఆ రోజు మా అరుగు మీద దీపాలు పెడతాం, ఒక్కో పేరూ చదువుతాం.

ఇక ఈ బడికి నా విన్నపాలు రెండు.

ఒకటి, ఉపాధ్యాయులకు. మన చుట్టూ ఫ్యాక్టరీలున్నాయి. మీ తరగతిలో ఇలాంటి పిల్లలు ఇప్పుడూ ఉంటారు. వాళ్ళు అల్లరి చేయరు, మార్కులు కూడా తగ్గకపోవచ్చు, అందుకే కనిపించరు. నాన్న మీద వ్యాసం రాయమనే ముందు ఒక్కసారి తరగతి వైపు చూడండి. మా అబ్బాయి ప్రోగ్రెస్ కార్డులో తండ్రి సంతకం గడి ఖాళీగా ఉంటే, మా తెలుగు మాస్టారు ఎవరి ముందూ అడగకుండా, "ఇక్కడ అమ్మ సంతకం పెట్టించుకు రా నాన్నా" అని ఆ గడి మీద పెన్సిల్‌తో 'అమ్మ' అని రాసి ఇచ్చారు. ఆ కార్డు ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఆయన ఇవాళ ఈ హాల్లో ఉన్నారు. ఆయనకు ఆ సంగతి గుర్తుందో లేదో తెలియదు.

రెండోది, ఇక్కడున్న ఇంజనీర్లకు, మేనేజర్లకు, కాంట్రాక్టర్లకు. మన బడి నుంచి చాలామంది ఆ స్థాయికి వెళ్ళారు, గర్వంగా ఉంది. నేను కేసు కాగితాలు చదువుతూ, అప్పట్లో అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో 36వ సెక్షన్ చదివాను. విషవాయువు ఉండే అవకాశమున్న ట్యాంకులో మనిషి దిగాలంటే, గాలి పరీక్షించి అది సురక్షితమని అర్హత ఉన్న వ్యక్తి రాతపూర్వకంగా ఇవ్వాలి. లేకపోతే దిగేవాడికి శ్వాస పరికరం ఉండాలి, నడుముకు బెల్టు, దానికి తాడు, ఆ తాడు రెండో కొసను బయట ఒక మనిషి పట్టుకుని ఉండాలి. ఆ చట్టంలో ఈ మాట ఉండేది. ఆ రోజు తాడు లేదు. తాడు ఉంటే మా వారు నిచ్చెన దిగేవారు కాదు, పైనుంచి లాగేవారు. "అనుమతి లేకుండా ప్రవేశించినందున" అన్న వాక్యానికి నా సమాధానం ఇదే. మా అబ్బాయికి ఇరవై ఏళ్ళు వచ్చాక ఆ సెక్షన్ చదివి వినిపించాను. పర్మిట్ మీద సంతకం పెట్టేవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు. పెట్టే ముందు వెళ్ళి ఆ తాడు ఉందో లేదో మీ కళ్ళతో చూడండి. దిగేవాడు కాంట్రాక్టు కుర్రాడైనా, చేరి తొమ్మిది రోజులే అయినా.

మాది కూడా ఒక రకంగా ఆ పనే. లోపల ఉన్న మనిషిని మేం బయటికి లాగేయలేం. ఎవరి దుఃఖంలోంచి వాళ్ళే, వాళ్ళకు వీలైనప్పుడు రావాలి. కొస పట్టుకుని బయట ఒకరున్నారని తెలిస్తే చాలు.

ఆ శ్రీకాకుళం అమ్మాయి పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. వాళ్ళమ్మ ఇవాళ నాతోనే వచ్చింది, వెనక వరుసలో కూర్చుంది. ఆమె ఈ బడిలో చదువుకోలేదు. ఆమెనూ మీలో ఒకరిగా కూర్చోనిచ్చినందుకు సంఘానికి కృతజ్ఞతలు.

వచ్చే ఆదివారం నెలలో రెండోది. మీకు తెలిసిన ఇల్లు ఏదైనా ఉంటే మా నంబరు ఇవ్వండి. కార్యదర్శి గారి దగ్గర ఉంది.